మంచు కన్నా పాతది పెంగ్విన్

పెంగ్విన్ అనగానే మంచు గుర్తొస్తుంది. చలిని తట్టుకోవడానికే ఆ పిట్ట ఎగరడం మాని ఒళ్లు చేసిందన్న ఊహ కూడా అలా పుట్టిందే. కాలాల లెక్క చూస్తే అది నిలవదు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ ప్రాంతంలో, వైపారా నది దగ్గర 1980లో దొరికిన పెంగ్విన్ శిలాజానికి 2006లో వైమాను మానరింగి అని పేరు పెట్టారు. మావోరీ భాషలో ‘వై’ నీరు, ‘మాను’ పిట్ట (మన నీటికాకి లాంటి పేరే). దాని వయసు 6 కోట్ల ఏళ్ల పైమాటే. అంటార్కిటికాను మంచు కప్పేయడం మొదలైంది సుమారు 3.4 కోట్ల ఏళ్ల కిందట. అప్పటికి ఈ వంశం నీళ్లలో కాపురం పెట్టి రెండున్నర కోట్ల ఏళ్లు దాటింది.

అసలు అది పెంగ్వినేనా అన్న సందేహం సబబే. వైమానువి ముఖ్యంగా కాళ్లు, కటి, వెన్ను ఎముకలే దొరికాయి. రెక్క సంగతి చెప్పాల్సింది అక్కడే బయటపడిన దగ్గరి చుట్టం మురివైమాను. ఎగిరే పక్షుల ఎముకలు సాధారణంగా బోలుగా ఉంటాయి. దీని రెక్క ఎముకలు గట్టిగా, చదునుగా ఉన్నాయి. ఎగరాలంటే అది భారం, మునగాలంటే సాయం. అయితే ఇప్పటి పెంగ్విన్ రెక్కలా అది బిగుసుకుపోయి తెడ్డు కాలేదు, మోచేతి దగ్గర ఇంకా కొంత మడత పడేది. సందేహానికి ఆస్కారం ఇచ్చే ఆ మడతే నాకు గట్టి సాక్ష్యంగా తోస్తుంది. రెక్క తెడ్డుగా మారుతూ ఉండగా రాయికి చిక్కింది.

అప్పట్లో న్యూజిలాండ్ నేల ఇప్పటికన్నా దక్షిణాన, అంటార్కిటికాకు దగ్గరగా ఉండేది కదా అనొచ్చు. నిజమే, కానీ ఆ అంటార్కిటికాలోనే అడవులు పెరిగేవి. మరి చలి కాకపోతే ఏది దింపింది నీళ్లలోకి? 6.6 కోట్ల ఏళ్ల కిందటి ప్రళయంలో డైనోసార్లతో పాటు సముద్రంలో వేటాడే మోససార్లు, ప్లీసియోసార్లు పోయాయి. తిమింగలాలు, సీళ్లు ఇంకా పుట్టలేదు. చేపలున్నాయి, పోటీ తగ్గింది. ఇది ఊహే, ఎముకలు కాలం చెబుతాయి కానీ కారణం చెప్పవు. ఎగరడం మానింది ఆ ప్రళయానికి ముందే అని ఎవరైనా వాదిస్తే ఈ ఊహ పోతుంది గానీ, మంచు వాదానికి ఒరిగేదేమీ లేదు, పెంగ్విన్ ఇంకా పాతదవుతుంది.

చలికోసమే పుట్టిందనిపించే ఏర్పాటు ఒకటుంది. రెక్కలోని రక్తనాళాల అల్లిక ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. శిలాజాల్లో భుజం ఎముక మీద దాని గాడి జాడలు కనిపిస్తాయి. అవి కూడా సుమారు 4.9 కోట్ల ఏళ్ల నాటివి, భూమి వెచ్చగా ఉన్న కాలానివి. పైన ఎంత వెచ్చగా ఉన్నా సముద్రం అడుగుకు పోయేకొద్దీ నీరు చల్లబడుతుంది. గంటల తరబడి నీళ్లలో ఉండి, పదేపదే మునిగి చేపలు పట్టే పిట్టకు ఆ చలే చాలు.