భద్రాచలం వోటు

భద్రాచలమనగానే మనలో చాలమందికి శ్రీరామనవమినాటి మధ్యాహ్నమూ, రేడియోలో వినవచ్చే కల్యాణ వ్యాఖ్యానమూ జ్ఞప్తికి వస్తాయి. ఉషశ్రీగారి కంఠం వింటూ ఆ కల్యాణమండపాన్ని కన్నులారా చూచినట్లు మురిసిన కుటుంబాలెన్నో. అయితే ఆ కొండ చుట్టూ ఒక శాసనసభా నియోజకవర్గం కూడ ఉన్నది. దాని చరిత్ర గుడి చరిత్ర అంత పాతది కాకపోయినా, మలుపులకు మాత్రం కొదువ లేదు. 1978 నుండి 2004 వరకు వరుసగా ఏడు ఎన్నికలలో ఒకే పక్షాన్ని గెలిపించిన ఈ స్థానం, ఆ తరువాతి నాలుగు ఎన్నికలలో ఒక్కసారి కూడ అంతకు ముందున్న పక్షాన్ని నిలుపలేదు. దీనిని వోటర్ల చంచలత్వమని తేల్చివేయడం సులభమే. కాని నాకు తోచినంతవరకు, ఇక్కడ వోటరు మనస్సు మారినదానికంటె పటంమీది గీతలు మారినదే ఎక్కువ.

గీతల సంగతి పాతదే. 1860లో నిజాం ప్రభుత్వం భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఆంగ్లేయులకు వదలుకొన్నది. మొదట మధ్యపరగణాలలో చేరిన ఆ తాలూకాలు 1874లో గోదావరి జిల్లాకు వచ్చినవి. నాటినుండి గోదావరికి ఈ గట్టున చెన్నపట్నం ఏలుబడి, ఆ గట్టున హైదరాబాదు ఏలుబడి. స్వతంత్ర భారతంలో తొలి ఎన్నికలు జరిగినప్పుడు కూడ ఇదే వరుస: 1952లో భద్రాచలంవారు మద్రాసు శాసనసభకు వోటు వేయగా, ఏటికి ఆవలనున్న పాల్వంచవారు హైదరాబాదు శాసనసభకు వేసినారు. 1955లో ఆంధ్రరాష్ట్ర శాసనసభ ఎన్నికలు ఈ గట్టున జరిగినవి. 1957లో శాసనసభ ఎన్నికలు ఆ గట్టునే జరిగినవి. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పుగోదావరి జిల్లానుండి తీసి ఖమ్మం జిల్లాలో కలిపినారు. కాకినాడకు పోయి వచ్చే ప్రయాసతో పోల్చితే ఖమ్మం దగ్గరే గదా! ఆ విధంగా రెండు గట్లవారు ఒకేసారి ఒకే శాసనసభకు వోటు వేసినది 1962లోనే.

ఇక ఆ ఏడు ఎన్నికల కథ. 1978, 1983 సంవత్సరాలలో మార్క్సిస్టు పార్టీ పక్షాన ముర్ల ఎర్రయ్యరెడ్డిగారు గెలుపొందినారు. 1983లో రామారావుగారి ప్రభంజనం రాష్ట్రమంతటినీ ఊపివేసినప్పుడు కూడ ఈ అడవి చెదరలేదు. 1985, 1989, 1994లలో కుంజా బొజ్జిగారు, 1999, 2004లలో సున్నం రాజయ్యగారు వచ్చినారు. 1999లో ఆ పార్టీకి రాష్ట్రం మొత్తంమీద దక్కినవి రెండే స్థానాలు. అందులో ఒకటి ఇది. ఈ పట్టుకు కారణం సిద్ధాంతమనడంకంటె బ్రతుకుతెరువు అనడం న్యాయం. వేసవిలో తునికాకు కట్టకు చెల్లవలసిన కూలి, పోడు భూమిపై హక్కు, గిరిజనేతరుల చేతిలోకి భూమి జారిపోకుండ 1970లో వచ్చిన ఒకటవ నెంబరు రెగ్యులేషన్ అమలు, ఇవే ఇక్కడి రాజకీయాలు. గూడెంలో ఆ మాట ఎత్తినవానికే వోటు. బొజ్జిగారి నిరాడంబర జీవితానికి జిల్లా అంతటా పేరుండేది. ఆయన 2021లో కాలం చేసినారు.

విచిత్రమేమనగా, అదే పేరుగల లోక్‌సభ స్థానం ఇంత నిలకడగా ఉండలేదు. 1967 నుండి 1980 వరకు నాలుగు పర్యాయాలు కాంగ్రెసు పక్షాన బి. రాధాబాయి ఆనందరావుగారిని పంపిన ఆ స్థానం, 1984లో కమ్యూనిస్టు పార్టీకి చెందిన సోడె రామయ్యగారిని, 1989, 1991లలో కాంగ్రెసు అభ్యర్థిని కర్రెద్దుల కమలకుమారిగారిని, 1996, 1998లలో తిరిగి రామయ్యగారిని ఎన్నుకొన్నది. 1999లో తెలుగుదేశం నుండి దుంపా మేరీ విజయకుమారిగారు, 2004లో మార్క్సిస్టు పార్టీ నుండి మిడియం బాబురావుగారు గెలిచినారు. ఒక గిరిజన స్థానంనుండి ముగ్గురు స్త్రీలు పార్లమెంటుకు వెళ్ళడం మామూలు విషయం కాదు. నగరాలవారు ఈ మాట ఒకసారి నెమరువేసుకొనవచ్చును.

2008 నాటి పునర్విభజనలో ఆ లోక్‌సభ స్థానమే లేకుండపోయినది. శాసనసభా స్థానం ఎనిమిది మండలాలతో ఏర్పడి మహబూబాబాదు లోక్‌సభ పరిధిలోకి పోయినది. 2009లో కాంగ్రెసు పక్షాన కుంజా సత్యవతిగారు గెలిచినారు. 2014 ఏప్రిల్ 30న జరిగిన ఎన్నికలో రాజయ్యగారు తిరిగి గెలిచినారు. తెలంగాణ మొత్తంలో మార్క్సిస్టులకు దక్కినది ఆ ఒక్క స్థానమే.

నెల తిరుగకముందే పటం మరల మారినది. పోలవరం జలాశయ ముంపు కారణంగా మే 29న ఆర్డినెన్సు వచ్చినది. జూలైలో పార్లమెంటు దానిని చట్టం చేసినది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలూ, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలమంతా ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. రాజయ్యగారి స్వగ్రామం సున్నంవారిగూడెం ఉన్నది వరరామచంద్రాపురం మండలంలోనే! శాసనసభ్యుడు తెలంగాణలో, ఆయన ఊరు ఆంధ్రలో. ఆ మండలాల గిరిజనులు వోటు వేసి గెలిపించిన సభ్యుడు హైదరాబాదులో తెలంగాణ సభలో కూర్చున్నారు. వారి బాగోగులు చూడవలసిన ఆంధ్ర శాసనసభలో వారికి 2019 వరకు సభ్యుడే లేడు. ఇల్లూ పొలమూ మునిగిపోనున్నవని తెలిసి, పరిహారంకోసం ఎదురుచూచే కాలంలో వారి పక్షాన సభలో లేచి అడిగే నోరు లేదు. ఈ స్థానం చరిత్రలో ఇంతటి అన్యాయం మరొకటి నాకు కనబడదు. 2019లో రాజయ్యగారు రంపచోడవరంనుండి ఆంధ్ర శాసనసభకు పోటీచేసి ఓడిపోయినారు. 2020 ఆగస్టులో కోవిడ్ వ్యాధితో మరణించినారు.

మిగిలినవి అయిదు మండలాలు. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల ఒక జిల్లాలో ఉండగా, వెంకటాపురం, వాజేడు ములుగు జిల్లాలో ఉన్నవి. 2023లో ఇక్కడి వోటర్లు లక్షన్నరకు లోపే. హైదరాబాదు శివారు శేరిలింగంపల్లిలో ఏడు లక్షలకు పైబడినారు. శివారువాసికి సాయంకాలం అయిదు గంటలవరకు గడువున్నది. ఇక్కడ మావోయిస్టుల అలికిడివలన నాలుగింటికే పోలింగు ముగిసినది. దిగువ గూడేలు తొలగడంతో పట్టణపు వోటుకు మునుపటికంటె బరువు పెరిగినది. మార్క్సిస్టులు వెనుకబడడానికి ఇదొక ముఖ్యకారణమని నా అభిప్రాయం. 2018లో కాంగ్రెసు అభ్యర్థి పొదెం వీరయ్యగారు తెల్లం వెంకటరావుగారిపై గెలిచినారు. బాబురావుగారు కూడ నిలిచి ఓడిపోయినారు. 2023లో అదే వీరయ్యగారిపై భారత రాష్ట్ర సమితి పక్షాన వెంకటరావుగారు గెలిచినారు. పూర్వపు ఖమ్మం జిల్లా పది స్థానాలలో ఆ పార్టీకి దక్కినది ఇదొక్కటే. 2024 ఏప్రిల్‌లో ఆయన కాంగ్రెసు గూటికి చేరినారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయినది.

రాబోవు ఎన్నిక 2028లో. పట్టణంవారి మాట ఒకటి: ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలు తిరిగి కావాలని. రామాలయం భూములు కొన్ని పురుషోత్తపట్నంలోనే ఉన్నవి. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటినప్పటినుండి వరదభయం మరొకటి. గూడేలవారి మాట పోడు పట్టాలది. వామపక్షాలు కాంగ్రెసుతో కలిసినచో ఒక లెక్క, 2023లోవలె మార్క్సిస్టులు విడిగా నిలిచినచో ఇంకొక లెక్క. వీటన్నిటికంటె పెద్దది గీతల లెక్క. సీట్ల పెంపు వెంటనే జరుగవలెనన్న అర్జీని 2025 జూలైలో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది గనుక, 2026 తరువాతి తొలి జనగణన ముగిసినమీదటనే పునర్విభజన. అప్పుడు వాజేడు, వెంకటాపురం ములుగు వైపు పోవునా, ఏటికి ఆవలి బూర్గంపహాడు ఇటు వచ్చునా అని పట్టణంలో ఇప్పటినుండే లెక్కలు కట్టవచ్చును.