శామ్ వాల్టన్ దుకాణం, మా నాయిన దుకాణం

సోలాపూర్‌లో మా నాయినకు చిన్న కిరాణా దుకాణం ఉంది. పోయిన ఏడాది మా సందు చివర పెద్ద దుకాణం ఒకటి తెరిచారు. అప్పటి నుంచి రాత్రి గల్లా లెక్కపెట్టేటప్పుడు నాయిన ఏమీ మాట్లాడడు. అందుకే ఈసారి వ్యాసానికి రాజుల చరిత్ర కాకుండా ఒక దుకాణం చరిత్ర తీసుకున్నాను.

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో న్యూపోర్ట్ అనే చిన్న ఊరుంది. 1945లో శామ్ వాల్టన్ అనే 27 ఏళ్ల యువకుడు అక్కడ 25,000 డాలర్లకు ఒక దుకాణం తీసుకున్నాడు. అందులో 20,000 మామగారి దగ్గర చేసిన అప్పే. ఎదురుగా ఇంకో దుకాణం. దాని అమ్మకాలు ఇతనికి రెట్టింపు.

వాల్టన్ ఎదుటి దుకాణానికి వెళ్లి ధరలు చూసి వచ్చేవాడు. డజను రెండున్నర డాలర్లకు దొరికే ఒక రకం బట్టలను వేరేచోట 2 డాలర్లకు తెచ్చాడు. డాలరుకు మూడు అమ్మేచోట నాలుగు అమ్మాడు. నేను లెక్క వేసి చూశాను. ఒక్కోదానిపై లాభం మూడో వంతు తగ్గింది. కానీ అమ్మకం మూడింతలైతే మొత్తం లాభం రెట్టింపు అవుతుంది!

ఐదేళ్లలో అమ్మకాలు 72,000 నుంచి 2,50,000 డాలర్లకు పెరిగాయి. అప్పుడే దెబ్బ తగిలింది. అద్దె ఒప్పందంలో గడువు పొడిగించే మాట రాయించుకోలేదు. యజమాని ఇక ఇయ్యనన్నాడు. 1950లో ఊరే వదిలి బెంటన్‌విల్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. 1962లో రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ తెరిచాడు. పెద్ద కంపెనీలు పట్టించుకోని చిన్న ఊళ్లనే ఎంచుకున్నాడు. తర్వాత గోదాము కట్టి, లారీ ఒక్క రోజులో చేరగల దూరంలోనే దుకాణాలు పెట్టాడు. అందువల్ల అయిపోయిన సరుకు తొందరగా వచ్చేది.

కానీ వాల్‌మార్ట్ వచ్చిన ఊళ్లలో చాలా చిన్న దుకాణాలు మూతపడ్డాయి. ఒకప్పుడు తానూ చిన్న దుకాణదారుడే కదా అని నాకు బాధ అనిపించింది.

ఈ కథ నాయినకు చెప్పాను. ధరల సంగతి విని, "మనం అంత సరుకు ఒకేసారి కొనలేం బిడ్డా. కానీ వాళ్లు ఉద్దెర ఇయ్యరు, ఐదు రూపాయల చాపత్తా ఇయ్యరు" అన్నాడు. అద్దె సంగతి చెప్పగానే లేచి పెట్టెలోంచి ఒప్పందం కాగితం తీశాడు. అది పదకొండు నెలలకే ఉంది. ఇద్దరం కూర్చొని మొదటిసారి దాన్ని పూర్తిగా చదివాం. పొడిగించే మాట అందులోనూ లేదు. మరునాడు పొద్దున్నే నాయిన దుకాణం తెరవకముందే ఆ కాగితం పట్టుకొని యజమాని ఇంటికి పోయాడు. ఏ రోజు ఏ సరుకు ఎంత పోతుందో రాసే నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గర ఉంది.