తోడుకున్న చరిత్ర

దోసకాయ పెరుగు పచ్చడికి కూడా చరిత్రేమిటని మీరు నవ్వవచ్చు. చరిత్ర అంటే రాజులదీ కోటలదీ అనే కదా మనకు బళ్ళో నేర్పింది! పేరులోనే ఒక గజపతిని మోస్తున్న మా గజపతినగరంలోనూ అంతే. బొబ్బిలి యుద్ధం ఎప్పుడంటే పిల్లలు 1757 అని ఠక్కున చెప్పేస్తారు. ఆ పూట ఆ కోటలో ఆడవాళ్ళు ఏం వండారని అడగండి, పెద్దవాళ్ళు కూడా బిక్కమొహం వేస్తారు.

ఈమధ్య పట్నం షాపుల్లో 'గ్రీకు పెరుగు' అని చిన్న చిన్న డబ్బాలు అమ్ముతున్నారు. ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది. తీరా చూస్తే ఏముందీ, నీరు ఓడ్చిన గట్టి పెరుగు! అందులో కీరాదోసకాయ కోరు కలిపి, వెల్లుల్లి నూరి వేసి, ఆలివ్ నూనె నాలుగు చుక్కలు వేస్తే అదే గ్రీకుల 'త్జాత్జీకి'. నోరు తిరగడానికి రెండు రోజులు పడుతుంది గాని, చెయ్యడానికి చెయ్యి తిరగక్కర్లేదు.

పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి, జల్లెడ మీద పెట్టి, కింద గిన్నె ఉంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలెయ్యండి. మన ఎండలకు బయట వేలాడదీస్తే పులిసిపోతుంది. కీరా కోరుకు ఉప్పు రాసి పావుగంట ఆగి, గట్టిగా పిండండి. ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ ఓపిక లేకపోతే పచ్చడి కాస్తా పులుసవుతుంది! తర్వాత రెండూ కలిపి, సోయకూరో పుదీనానో తరిగి, నిమ్మరసం పిండితే సరి. గిన్నెలో దిగిన తేటను పారబొయ్యకండి. చోడి అంబలిలో కలుపుకుంటే అమోఘం.

ఇంతకీ గ్రీకుల పచ్చడి పేరు గ్రీకుది కాదు. టర్కీవాళ్ళ 'జాజిక్' నుంచి వచ్చింది. 'యోగర్ట్' అన్నదీ టర్కీ మాటే. గ్రీసు చాలా వరకు నాలుగు వందల ఏళ్ళ పాటు తురుష్క సుల్తానుల కింద ఉంది. తర్వాత 1923లో రెండు దేశాలూ జనాన్ని మార్చుకున్నప్పుడు, సుమారు పన్నెండు లక్షల మంది గ్రీకులు టర్కీ గడ్డ వదిలి గ్రీసు చేరారు. ఇల్లూ పొలమూ వదిలేసి వచ్చిన మనిషి చేతి రుచిని మాత్రం వదిలి రాలేదు కదా!

మరి కాయ సంగతో? కీరా పుట్టిల్లు మన హిమాలయాల దిగువ. పాతకాలపు గ్రీకులు తిన్న 'దోసకాయ' అసలు కీరాయే కాదనీ, ఖర్బూజా జాతికి చెందిన పొడుగుపాటి కాయ అనీ వృక్షశాస్త్రజ్ఞులు చెబుతున్నారు. విచిత్రమేమిటంటే మనం పప్పులో వేసుకునే పసుపుపచ్చ దోసకాయ కూడా ఖర్బూజా జాతిదే! అంటే మన కీరా వాళ్ళింటికి కాపురానికెళ్ళింది, వాళ్ళ పాత కాయకు చుట్టం మనింట్లో ఉంది. వియ్యం బాగానే కుదిరింది.

మన వైపు చూస్తే, దోసజాతి కాయకు 'ఉర్వారుకం' అన్న మాట ఋగ్వేదంలోనే ఉంది. కల్యాణి చాళుక్యుల రాజు మూడో సోమేశ్వరుడు సుమారు 1130లో రాయించిన 'మానసోల్లాసం'లో రాజుగారి వంటల ముచ్చట్లున్నాయి. నీరు ఓడ్చిన పెరుగుతో చేసే తీపి 'శిఖరిణి' కూడా అప్పటికే ఉంది. కాని మనం పెరుగు పచ్చడికి పెట్టే పోపులో ఎండుమిరపకాయ మాత్రం పాతది కాదు. అది పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి, 1498 తర్వాతే ఈ దేశం చేరింది. అంతకుముందు ఘాటు కావాలంటే మిరియాలూ ఆవాలే దిక్కు. ఆవపెట్టిన పెరుగు పచ్చడి తిన్నప్పుడు ముక్కులోకి కొట్టే ఆ ఘాటు, మిరపకాయ ఎరగని మన ముత్తవ్వలు కూడా ఎరిగిన ఘాటే.

పెరుగు గుట్టు లోకానికి తెలిసింది 1905లోనట! స్టామెన్ గ్రిగోరోవ్ అనే బల్గేరియా యువకుడు, జెనీవాలో చదువుకుంటూ, పాలను తోడుకునేలా చేసే సూక్ష్మజీవిని కనిపెట్టాడు. పారిస్ పాస్చర్ సంస్థలోని మెచ్నికోవ్, బల్గేరియా రైతుల దీర్ఘాయువుకు పుల్లటి పెరుగే కారణమని వాదించి పెరుగుకు పెద్ద ప్రచారం తెచ్చాడు. ఆయనకు 1908లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది, అది వేరే పరిశోధనకు లెండి. వాళ్ళ గొప్పతనాన్ని కాదనను. కాని ఆ సూక్ష్మజీవిని పేరు తెలియకుండానే వేల ఏళ్ళుగా పెంచి పోషించింది ఎవరు? పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో చిటికెనవేలితో చూసి, చలికాలంలో గిన్నెకు గుడ్డ చుట్టి, తోడు లేకపోతే ఎండుమిరపకాయ తొడిమలు వేసిన ఆడవాళ్ళు. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. వాళ్ళకు రాయడం ఎవరూ నేర్పలేదు కూడా.

'తోడు' అన్నది ఎంత చక్కటి మాట! నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలకు తోడు. పొరుగింటి పిన్ని గరిటెడు తోడిస్తే ఆమె ఇంటి పెరుగు మన ఇంట్లో మళ్ళీ పుడుతుంది. ఈ గొలుసు ఏ రాజవంశం కన్నా పాతది. ప్యాకెట్ పెరుగు వచ్చాక ఎన్నో ఇళ్ళలో అది తెగిపోతోంది. పని తగ్గితే మంచిదే, ఎవరూ కాదనరు. చేతిలోని విద్య కూడా దాంతో పాటే పోతేనే బాధ. అందుకే మీ అమ్మగారో అత్తగారో ఉంటే, వాళ్ళ పెరుగు పచ్చడి కొలతలు అడిగి ఓ నోటుపుస్తకంలో రాసి పెట్టండి, పైన వాళ్ళ పేరు, ఊరు, సంవత్సరం వేసి మరీ. 'చిటికెడు', 'చూసి వెయ్యి' అంటారు, అనుకోకండి, ఆ మాటలూ అలాగే రాయండి. చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకని వాళ్ళకు కనీసం మన వంటింటి అలమరలోనన్నా ఒక పేజీ ఉండాలి కదా!