అచ్చు పుస్తకం ఆరు చుక్కల్లోకి ఎలా వచ్చింది?

ఒక క్లాసు ఊహించుకోండి. పరీక్షలు దగ్గరపడ్డాయి. అందరి చేతుల్లో పుస్తకం ఉంది, చూపు లేని ఒక్క స్టూడెంట్‌కి తప్ప. కారణం? ఆ పుస్తకం ఇంకా బ్రెయిలీలోకి రాలేదు. ఒకప్పుడు లిపి తెలిసినవాళ్ళు పేజీ పేజీ చూసి, చేత్తో చుక్కలు గుచ్చాల్సి వచ్చేది. పెద్ద పుస్తకమైతే నెలలు పట్టేది.

ఫ్రాన్స్‌లో లూయీ బ్రెయిలీ 1824లో, 15 ఏళ్ళ వయసులో ఈ లిపి తయారుచేశాడు. గడికి ఆరు చుక్కలు. ఖాళీ గడితో కలిపి 64 రకాలు. చుక్క ఉందా, లేదా? అచ్చం కంప్యూటర్ లెక్కే కదా!

మరి అక్షరానికో గడి పెట్టేస్తే పనైపోదా? అవదు. ఇంగ్లీష్ బ్రెయిలీలో చోటు ఆదా చెయ్యడానికి 'టీ, హెచ్' జంటకి ఒకే గడి వాడతారు. 'బాత్' అనే మాటలో సరే. 'పాట్‌హోల్'లో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నా కలపకూడదు, అవి వేర్వేరు మాటలవి. మనకి చెవితోనే తెలుస్తుంది. మెషీన్‌కి మాత్రం రూల్స్, మినహాయింపులు అన్నీ రాసివ్వాలి.

అమెరికాలోని లూయివిల్‌లో అంధుల కోసం పుస్తకాలు అచ్చువేసే సంస్థ 1960ల్లో ఐబీఎం కంప్యూటర్లతో ఆ పని చేయించింది. 1975లో జోసెఫ్ సల్లివన్, రాబర్ట్ గిల్డియా కలిసి డక్స్‌బరీ సిస్టమ్స్ పెట్టారు. వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ వాడుకలో ఉంది. 1976లో రే కర్జ్‌వైల్ అచ్చు పేజీని స్కాన్ చేసి పైకి చదివే మెషీన్ తెచ్చాడు. అంటే టైప్ చెయ్యకుండానే అచ్చుని టెక్స్ట్‌గా మార్చే దారి దొరికింది. 2002లో మొదలైన 'లిబ్‌లూయీ' అందరికీ ఉచితం. దాన్ని మొదలుపెట్టిన జాన్ బోయర్‌కి చూపూ లేదు, వినికిడీ లేదు!

ఇక మన తెలుగు. 1951లో ఖరారైన భారతీ బ్రెయిలీలో తెలుగు 'క'కీ, హిందీ 'క'కీ ఒకే గుర్తు. ఒత్తు కింద రాయడం ఉండదు. 'అమ్మ' రాయాలంటే అ, పొల్లు గుర్తు, మ, మ. వరసగా నాలుగు గడులు. అంటే సాఫ్ట్‌వేర్ పొల్లుని ముందుకి జరపాలి. యూనికోడ్ టెక్స్ట్ అయితే ఆ పని క్షణాల్లో అయిపోతుంది.

చిక్కంతా పాత డీటీపీ ఫైళ్ళతోనే. తెరమీద చక్కటి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉండేవి మాత్రం ఇంగ్లీష్ అక్షరాల కోడ్‌లు. సాఫ్ట్‌వేర్ వాటినే నమ్మి అర్థంలేని చుక్కలు గుచ్చుతుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దాకే బ్రెయిలీ.

అందుకే ఈసారి గ్రూప్‌లో నోట్స్ పెట్టేటప్పుడు ఫొటో ఒక్కటే కాదు, టైప్ చేసిన టెక్స్ట్ కూడా పెట్టండి. మీకు పది నిమిషాల పని. వేళ్ళతో చదివే ఫ్రెండ్‌కి మాత్రం పరీక్షకి ముందే పాఠం అందుతుంది. మళ్ళీ కలుద్దాం!