విశ్వవిద్యాలయాల జాతీయ కంప్యూటర్ నెట్‌వర్క్: చివరి అంచెలోనే అసలు పరీక్ష

తిరువూరు: విశ్వవిద్యాలయాలను, పరిశోధన సంస్థలను అనుసంధానించే జాతీయ కంప్యూటర్ నెట్‌వర్క్ విశ్వసనీయత కేవలం వేగంపై ఆధారపడదు. ఒక కేబుల్ తెగినప్పుడు సమాచారం మళ్లడానికి రెండవ మార్గం ఉందా లేదా అన్నదే ప్రధానం. మహానగరాల మధ్య ఈ ఏర్పాటు పటిష్ఠంగా రూపొందింది. ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు వంటి సరిహద్దు పట్టణాల కళాశాలల వరకు అదే పటిష్ఠతను విస్తరింపజేయడం కష్టసాధ్యమైన పని.

దేశంలో ఈ కృషికి 1986లో ఎర్నెట్ నాంది పలికింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో చేపట్టిన ఈ పథకంలో ఐదు ఐ.ఐ.టి.లు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ తొలి భాగస్వాములు. 2010 మార్చిలో కేంద్ర మంత్రివర్గం రూ. 5,990 కోట్ల అంచనా వ్యయంతో నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కు ఆమోదం తెలిపింది. సుమారు 1,500 సంస్థల అనుసంధానం లక్ష్యంగా, అమలు బాధ్యతను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కు అప్పగించింది.

ఈ నెట్‌వర్క్‌ను మూడు అంచెలుగా రూపొందించారు. కేంద్ర అంచెలోని కూడళ్లు ఒకదానితో ఒకటి అనేక మార్గాల్లో కలిసి ఉంటాయి. ఒక మార్గం తెగితే రౌటర్లు తమంతట తామే మరో మార్గాన్ని ఎంచుకుంటాయి. మధ్య అంచె పంపిణీకి ఉద్దేశించినది. మూడవ అంచెలో సంస్థలుంటాయి. సాధారణంగా బలహీనత ఇక్కడే బయటపడుతుంది.

తిరువూరు జాతీయ రహదారిపై ఉంది. దక్షిణాన మైలవరం మీదుగా విజయవాడకు, ఉత్తరాన తెలంగాణలోని కొత్తగూడెం వైపునకు దారులున్నాయి. ఇటువంటి పట్టణంలోని కళాశాలకు ఒక కేబుల్ దక్షిణం నుండి, మరొకటి ఉత్తరం నుండి రావడం శ్రేయస్కరం. ఇద్దరు ఆపరేటర్ల వద్ద కనెక్షన్లు తీసుకున్నంత మాత్రాన రెండు మార్గాలు ఏర్పడినట్లు కాదు. రెండు కేబుళ్లూ ఒకే కందకంలో ఉంటే రోడ్డు విస్తరణ పనుల్లో ఒక్క పొక్లెయిన్ దెబ్బకు రెండూ తెగుతాయి. కనుక ఒప్పందానికి ముందే కేబుల్ మార్గపటాన్ని అడిగి తీసుకోవడం అధికారులకు అవసరం. బిల్లులు రెండు వస్తున్నాయి కదా అని తృప్తిపడటం పొరపాటు.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ వేరొక పద్ధతిని అనుసరించింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన తొలి దశలో కేబుల్‌ను విద్యుత్ స్తంభాలపై లాగారు. దీనివల్ల వ్యయం, కాలం ఆదా అవుతాయి, తవ్వకాల బెడద తప్పుతుంది. అయితే 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపానుకు వేలాది స్తంభాలు నేలకూలిన సంగతి విదితమే. ఒక మార్గం భూగర్భంలోను, రెండవది స్తంభాలపైన ఉన్నట్లయితే రెండింటికీ ఒకేసారి ప్రమాదం వాటిల్లే అవకాశం బాగా తగ్గుతుంది.

కేబుళ్లు రెండూ క్షేమంగా ఉన్నా, కళాశాలలోని రౌటర్‌కు విద్యుత్ సరఫరా నిలిచిపోతే అనుసంధానం తెగినట్లే. యు.పి.ఎస్. బ్యాటరీల మార్పునకు ఏటా బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు కేటాయించవలసి ఉంటుంది.