జ్వరం తగ్గితే మలేరియా మాత్రలు ఆపేయొచ్చా? ఏజెన్సీలో ఆశా కార్యకర్త చేసే పరీక్ష, చికిత్స ఇలా

పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో వానలు పడ్డాయంటే చలిజ్వరాల భయం మొదలైనట్టే. తెలంగాణలో భద్రాద్రి, ములుగు ఏజెన్సీదీ ఇదే పరిస్థితి. ఆసుపత్రి దూరం. రోడ్డు లేని గూడేల నుంచి రోగిని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. అందుకే మలేరియా పరీక్షనూ, మందునూ ఊళ్లోనే ఉండే ఆశా కార్యకర్త చేతికి ఇచ్చారు. జ్వరం వస్తే ఆమె ఏం చేస్తారు, మీరు ఏం చేయాలి?

ఆమె ఉద్యోగి కాదు

2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశాలు వచ్చారు. ఆ ఊరి మహిళనే ఎంపిక చేసి శిక్షణ ఇస్తారు. కాగితాల మీద ఆమె స్వచ్ఛంద కార్యకర్త. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి నెలకు 10 వేల రూపాయల గౌరవ వేతనం ఇస్తున్నారు. జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఒక్కో మలేరియా పరీక్షకు ప్రోత్సాహకం 15 రూపాయలు. పక్కింట్లో చేసినా, వాగు దాటి వెళ్లి చేసినా అంతే. 2027కల్లా స్థానికంగా మలేరియా సోకే కేసులు సున్నాకు రావాలని, 2030కి వ్యాధినే నిర్మూలించాలని దేశం పెట్టుకున్న లక్ష్యంలో పెద్ద భారం ఈమె మీదే ఉంది.

పరీక్ష ఎలా?

జ్వరం వచ్చిన 24 గంటల్లోపు ఆమెకు కబురు పెట్టండి. వణుకు వచ్చేదాకా ఆగొద్దు. వేలి నుంచి చుక్క రక్తం తీసి ర్యాపిడ్ కిట్ మీద వేస్తారు. 15–20 నిమిషాల్లో గీతలు కనిపిస్తాయి. మలేరియా ఉందా, ఉంటే వైవాక్సా, ఫాల్సిపారమా అన్నది వాటిని బట్టే చెబుతారు. పరీక్ష, మందు రెండూ ఉచితం. ఈ మధ్యే మలేరియా వచ్చి తగ్గి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. మందు వాడాక కూడా కొన్ని వారాల పాటు కిట్‌లో పాజిటివ్ చూపించే అవకాశం ఉంది. అప్పుడు స్లైడ్ తీసి ల్యాబ్‌కు పంపాల్సి వస్తుంది.

అసలు చిక్కు నాలుగో రోజు

ఫాల్సిపారం అయితే ఆర్టిమిసినిన్ కలిసిన మందుల పట్టీ మూడు రోజులకు ఇస్తారు. వయసును బట్టి పట్టీ రంగు మారుతుంది కాబట్టి పెద్దవాళ్లది విరిచి పిల్లలకు వేయకండి. దానితోపాటు ప్రైమాక్విన్ ఒక్క డోసు ఉంటుంది. వైవాక్స్ అయితే మూడు రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్.

మొదటి డోసు ఆమె ముందే వేసుకోవాలి. ఖాళీ కడుపున వద్దు. వేసుకున్నాక పావుగంట ఆమెను ఉండమనండి. ఈలోపు వాంతి అయితే కాస్త ఆగి కొత్త పట్టీ తెరిచి మళ్లీ ఇస్తారు. అదీ వాంతి అయిపోతే ఇక ఇంట్లో ఉంచకూడదు, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మూడు రోజులకు జ్వరం దిగుతుంది. పొలం పని పిలుస్తుంది. మిగిలిన మాత్రలు చూరులో దోపి మరిచిపోతాం. వైవాక్స్ క్రిమి కొంత కాలేయంలో నిద్రపోతూ ఉంటుంది. వారాలకో, నెలలకో లేచి మళ్లీ జ్వరం తెస్తుంది. దాన్ని చంపేది ఆ 14 రోజుల ప్రైమాక్వినే. ఆశా రోజూ వచ్చి ‘మాత్ర వేసుకున్నావా’ అని అడిగితే విసుక్కోకండి. మా దృష్టిలో ఆమె చేసే పనుల్లో ఇదే అన్నిటికన్నా కష్టమైంది.

గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. గర్భం ఉందన్న అనుమానమున్నా దాచకుండా చెప్పండి. జీ6పీడీ లోపం ఉన్నవారికీ ఇది ప్రమాదమే. మాత్రలు వాడుతుండగా మూత్రం ముదురు రంగులోకి మారితే వెంటనే ఆపేసి పీహెచ్‌సీకి వెళ్లండి.

జ్వరం లేకపోయినా రక్తం అడుగుతారేం?

ఒంట్లో క్రిమి ఉండి జ్వరం లేనివాళ్లూ ఉంటారు. దోమకు వాళ్ల రక్తం చాలు. ఒడిశా 2017లో మారుమూల గ్రామాల కోసం మొదలుపెట్టిన ‘దమన్’ కార్యక్రమంలోనూ, ఛత్తీస్‌గఢ్ 2020లో బస్తర్‌లో ఇంటింటికీ తిరిగి చేసిన పరీక్షల్లోనూ జ్వరం లేనివాళ్లను కూడా చూసింది ఇందుకే. మీ ఊళ్లో అలా అడిగితే వేలు ఇవ్వండి.

గోడలకు మందు కొట్టాక

రక్తం తాగిన దోమ గోడ మీద వాలుతుంది. పిచికారీ మందు పని చేసేది అక్కడే. పండగ వచ్చిందని వెంటనే మట్టి, పేడతో అలికేస్తే మందు లోపలికి పోతుంది. రెండు, మూడు నెలలు ఆగండి. దేవుడి గది, వంటిల్లు వద్దని వెనక్కి పంపితే దోమకు అవే చోటిచ్చినట్టు.

ఇవి కనిపిస్తే ఆశా కోసం కూడా ఆగొద్దు

ఫిట్స్, స్పృహ తప్పడం, నీళ్లు కూడా తాగలేకపోవడం, ఆయాసం, కళ్లు పచ్చబడటం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. బండి రాని ఊరైతే రోడ్డు దాకా తీసుకెళ్లే ఏర్పాటు ముందు చూసుకోండి. ఆశా దగ్గర కిట్లు అయిపోయాయంటే ఏఎన్ఎంను అడగండి, లేదా అదే రోజు పీహెచ్‌సీకి వెళ్లండి. ఈలోపు పరీక్ష లేకుండా ఎవరో ఇచ్చే సూదిమందుతో జ్వరం దించుకుని ఇంటికి రావద్దు.