కాళ్ల కింది కథ

ఇంటికొచ్చిన చుట్టాలు గోడల రంగు చూస్తారు, కిటికీ తెరలు చూస్తారు, వంటింట్లో మిక్సీ ఏ కంపెనీదో కూడా ఓరకంట చూసుకుంటారు. నేల వంక మాత్రం ఎవరూ చూడరు, కాలు జారితే తప్ప. రోజుకి రెండుపూటలా దాన్ని ఊడ్చి, తుడిచి, మరకలతో కుస్తీ పట్టే ఆడవాళ్లకే దాని గుణగణాలు తెలుసు. రాజుల చరిత్రలోలాగే నేల చరిత్రలోనూ యుద్ధాలున్నాయి. కాకపోతే ఇక్కడ శత్రువు ఒక్కడే. వాడి పేరు చెమ్మ.

మా వైపు ఈ శత్రువుకి బలం మరీ ఎక్కువ. తమ్మిలేరు, బుడమేరు మోసుకొచ్చే నీళ్లన్నీ కొల్లేట్లోనే పడతాయి. అక్కణ్ణించి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తిందని పేపర్లన్నీ రాశాయి. ఆ నీళ్లు తర్వాత ఎటు పోయాయో లంక గ్రామాల వాళ్లని అడగాలి. అలాంటి చోట ఇంటి నేల శాశ్వతమైన వస్తువు కాదు, ఏటేటా మళ్లీ చేసుకోవలసిన పని. వరద తీశాక మట్టి మోసుకొచ్చి, ఊక కలిపి మెత్తి, దిమ్మిసతో కొట్టి, పేడనీళ్లతో అలికి, అంచుకి ముగ్గు పెడితే అప్పటికి అది ఇల్లవుతుంది. ఇదంతా ఆడవాళ్ల పనే. ఏ చరిత్రకారుడూ దీన్ని గ్రంథస్థం చేయలేదు. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. మట్టినేల చెమ్మతో పోట్లాడదు. తాగుతుంది, ఎండలో వదిలేస్తుంది. ఆ లౌక్యం తర్వాత వచ్చిన నేలలకి లేకపోయింది.

కాస్త కలిగినవాళ్ల ఇళ్లలో గచ్చు ఉండేది. ఎద్దులు తిప్పే గానుగలో సున్నం, ఇసుక నలిగి వెన్నలా అయ్యేవి. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. పరిచాక కూలి ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కబద్దలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. అంత కొట్టుడు తిన్నది కాబట్టే ఆ గచ్చు మూడు తరాలు నిలిచింది. ఇంగ్లండులో 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు వచ్చాక, నూరేళ్లు తిరిగేసరికి గానుగలు మూలపడ్డాయి. సిమెంటు మీద ఎర్రరంగు పులిమి, పాలిష్ పెట్టిన ఎర్రగచ్చు వచ్చింది. దాని వెనకే నాపరాళ్లు, మొజాయిక్, ఇప్పుడీ జారుడు టైల్సు. అన్నట్టు, ఏలూరు తివాచీలకి పెద్ద పేరు కదా! ఆ ఉన్ని తివాచీ పరవాలన్నా కింద నేల పొడిగా ఉంటేనే.

ఇళ్ల సంగతి అలా ఉంచి గోదాముల్లోకి వెళదాం. ఇంగ్లీషువాళ్లు ‘గోడౌన్’ అంటారే, ఆ మాట మలయా భాష మీదుగా వచ్చిందనీ, దాని మూలం మన ‘గిడ్డంగి’, తమిళుల ‘కిడంగు’ కావచ్చుననీ 1886లో యూల్, బర్నెల్ దొరలు తమ ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో రాశారు. నా మటుకు నాకు అది నిజమే కావాలని ఉంది. మన సరుకు మోసుకుపోయినవాళ్లు మాటని మాత్రం వదిలేస్తారా?

తాడేపల్లిగూడెం వైపు వెళితే గోదాములకి కొదవలేదు. భారత ఆహార సంస్థ 1965లో ఏర్పడ్డాక డెల్టా బియ్యానికి ఇలాంటి కప్పుల కింద చోటు దొరికింది. బియ్యం గోదాము కట్టే పద్ధతంతా చెమ్మ భయంతోనే. పునాది రెండు మూడడుగులు పైకెత్తుతారు. బస్తాని నేలకి తగలనివ్వరు, కింద కర్రపట్టెలు వేస్తారు. ధాన్యం కొనేటప్పుడే తేమ 17 శాతం దాటకూడదంటారు. (ఆ ఒక్క అంకె దగ్గర ప్రతి పంటకీ ఎంతమంది రైతుల కళ్లు చెమరుస్తాయో!) కాంక్రీటు నేల ఈ పనికి చాలు. దాని లోపమల్లా పొడి రాలడం. చక్రాల బళ్లు తిరిగినకొద్దీ పైపొర అరిగి బూడిదలా లేస్తుంది, నూనె పడితే పీల్చుకుంటుంది. బియ్యం బస్తాకి అది పెద్ద ఇబ్బంది కాదు గానీ, మందులకీ, విప్పి ఉంచిన తినుబండారాలకీ పనికిరాదు. అక్కడే ఎపాక్సీ అనే కొత్త కోడలు కాలు పెట్టింది.

ఈ కోడలి పుట్టిల్లు ఎక్కడో తెలిస్తే నవ్వొస్తుంది. పళ్ల డాక్టరు గది! జర్మనీలో పాల్ ష్లాక్ అనే రసాయనవేత్త 1934లో ఈ దారిలో ఒక పేటెంటు తీసుకున్నాడు గానీ, దాన్ని సరిగ్గా పనిలో పెట్టింది స్విట్జర్లాండులో పియర్ కాస్టన్. ఆయన పనిచేసింది కట్టుడుపళ్ల సామాను చేసే కంపెనీకి. గట్టిపడేటప్పుడు కుంచించుకుపోని పదార్థం కోసం వెతుకుతూ 1930ల చివర్లో ఈ జిగురుని పట్టుకున్నాడు. పళ్లకి పెద్దగా ఉపయోగపడలేదు. హక్కులు కొనుక్కున్న సీబా కంపెనీ 1946లో బాసెల్ ప్రదర్శనలో దీన్ని అరల్డైట్ అనే పేరుతో జనం ముందు పెట్టింది. దాదాపు అదే కాలంలో అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ రంగుల తయారీకి ఇలాంటి రెసిన్లనే తయారు చేశాడు. నోట్లోకి రావలసింది కాళ్ల కిందికొచ్చింది!

అరల్డైట్ మనకి కొత్తది కాదు. చెవి విరిగిన పింగాణీ కప్పుని బతికించడానికి ప్రతి ఇంటి సొరుగులోనూ ఆ రెండు ట్యూబులూ ఉంటాయి. ఒకదాంట్లో రెసిన్, రెండోదాంట్లో హార్డెనర్. విడివిడిగా రెండూ జిడ్డుముద్దలే. కలిశాయంటే లోపల అణువులు చేతులు పట్టుకుని వలలా అల్లుకుపోతాయి. తోడుకున్న పెరుగు మళ్లీ పాలు కానట్టు, గట్టిపడ్డ ఎపాక్సీ మళ్లీ కరగదు. గోదాము నేలకి వాడేదీ ఆ జాతిదే. ట్యూబులకి బదులు డబ్బాలు, అంతే. కలిపాక అరగంటో ముప్పావుగంటో గడువు. మన రోహిణీకార్తెలో అదీ ఉండదు. బకెట్లో ఊరికే వదిలేస్తే తన వేడికి తనే పొగలు కక్కుతుంది.

ఈ నేల మన చెరువుల దేశానికి రావడానికి గట్టి కారణం రొయ్య. 1997లో యూరప్ సమాఖ్య మన చేపలనీ రొయ్యలనీ వద్దు పొమ్మంది. సరుకు మంచిదే, శుభ్రత చాలదన్నారు. ఆ ఏడాది చివర్లోనే అమెరికా కూడా కొత్త శుభ్రతా నిబంధనలు అమలులోకి తెచ్చింది. ప్లాంట్లవాళ్లు పరుగులు పెట్టి గోడలూ, కాలవలూ, నేలలూ మళ్లీ కట్టుకున్నారు. యూరప్ వాళ్ల 1991 నిబంధనల్లోనే రాసి ఉంది: నేల నీరు పీల్చకూడదు, కడగడానికి సులువుగా ఉండాలి, నీళ్లు నిలవకుండా జారిపోవాలి. టైల్సయితే సందుల్లో మురికి దాక్కుంటుంది. అతుకు లేని నేల కావాలి. గోడ కలిసే మూల కూడా గిన్నె అడుగులా గుండ్రంగా ఉండాలి. మూల కనిపిస్తే బాక్టీరియా కాపురం పెట్టేస్తుంది మరి. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక ఈ పని ఇంకా పెరిగింది. వేడినీళ్లు పోసి కడిగే చోట్ల ఎపాక్సీ మెత్తబడుతుంది. అక్కడ పాలీయూరితేన్ కలిపిన సిమెంటు నయం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ప్రతి చోటికీ ఒకే మందు రాసేవాడు వైద్యుడు కాడు.

కైకలూరు దారిలో కొత్తగా కడుతున్న ఒక షెడ్డులో ఈ పని దగ్గరుండి చూశాను. ముందు యంత్రంతో కాంక్రీటు పైపొర గీకేశారు. దుమ్మంతా పీల్చేశారు. ప్రైమరు, ఆ పైన గుంటలు పూడ్చే పూత, చివరికి బూడిదరంగు పాకంలా పోసిన పైపొర. మొత్తం కలిపి రెండు మూడు మిల్లీమీటర్లు, మనం వేసే దోసె మందం. తడి నేల మీద ఒక కుర్రాడు అడుగున మేకులున్న చెప్పులు తొడుక్కుని, ముళ్ల రోలరుతో బుడగలు చిదుపుతూ నడుస్తున్నాడు. కొంగలా ఎత్తి ఎత్తి అడుగులేస్తున్నాడు. చేతులకి గ్లవ్సు లేవు. హార్డెనరు, రెసిను చర్మానికి పడనివాళ్లకి దద్దుర్లొస్తాయి. ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాత కాస్త తగిలినా తిరగబెడుతుంది. “గ్లవ్సు ఉన్నాయమ్మా, చెమటకి జారిపోతున్నాయి” అన్నాడు నవ్వుతూ.

ఆ నేల మీద రేపు నిలబడేది ఎక్కువగా ఆడవాళ్లే. తల తీసి, తొక్క వలిచి, ఐసునీళ్లలో చేతులు పెట్టి గంటలకి గంటలు. క్లోరిన్ నీళ్లలో కాళ్లు ముంచి, తెల్ల బూట్లు తొడుక్కుని లోపలికి వెళతారు. నేలకి పగుళ్లున్నాయా, నీళ్లు ఆగుతున్నాయా అని విదేశీ తనిఖీదారు టార్చి వేసి మరీ చూస్తాడు. అది రొయ్య ఆరోగ్యం కోసం. నిలబడ్డవాళ్ల మోకాళ్ల కోసం ఆ కాగితంలో ఏ గడీ నా కంటబడలేదు. అయినా ఈ కొత్త నేల వాళ్లకీ కొంత మేలే. పై పూతలో క్వార్ట్జ్ ఇసుక చల్లితే తడిలో కాలు జారదు. ఇసుక చల్లితే కడగడం కొంచెం కష్టమని చాలామంది తగ్గించేస్తారు. నన్నడిగితే అక్కడ మాత్రం పిసినారితనం కూడదు. జారిపడేది యజమాని కాదు కదా.

ఇక మన పాత శత్రువు సంగతి. ఎపాక్సీ పైనుంచి చుక్క నీరు దిగనివ్వదు. కాని కొల్లేటి దేశంలో నీరు పైనుంచి రాదు, కిందినుంచి వస్తుంది. కాంక్రీటు కింద ప్లాస్టిక్ పొర వేయకపోతే, లేదా నేల ఆరకముందే తొందరపడితే, ఆవిరి కిందినుంచి తోస్తుంది. మట్టినేల దాన్ని వదిలేసేది, గచ్చు కొంత వదిలేసేది. ఈ కోడలు దారివ్వదు. కొన్ని నెలలకి అప్పడం పొంగినట్టు పొక్కులొస్తాయి, పగులుతాయి, రేకుల్లా లేస్తాయి. అందుకే కొత్త కాంక్రీటుని కనీసం 28 రోజులు ఆగనివ్వాలంటారు. వానాకాలంలో అదీ చాలదు.

ఆ షెడ్డులో మిగిలిన సగానికి ఇంకా పూత పడలేదు. సాయంత్రం సూపర్వైజరు ఒక గజం ప్లాస్టిక్ కాగితం నేల మీద పరిచి, నాలుగంచులూ టేపుతో అతికించి వెళ్లాడు. పొద్దున్నే నేనూ వెళ్లి చూశాను. కాగితం ఎత్తితే అడుగున సన్నగా ముత్యాల్లా నీటిబొట్లు. ఫోనులో అవతలివాళ్లు తొందర చేస్తున్నారు. ఆయన బొటనవేలితో ఒక బొట్టుని తుడిచి చూసి, “ఇంకో పది రోజులు పడుతుంది సార్, ఎండ కాయనీండి” అని పెట్టేశాడు. డబ్బాలు మళ్లీ నీడలోకి చేరాయి.